ఉల్లిపొర రంగు

నాన్నగారి కంటికి శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పించి, ఏలూరులో నేను అద్దెకుంటున్న ఇంటికి తీసుకొచ్చాను. వీధి వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆసుపత్రిలో ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసేసి, ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టల్ని చూస్తున్నారు. "అదేంటమ్మలూ, ఆ దుప్పటికి అంత నీలిమందు పెట్టేరు?" అన్నారు. "మామూలు తెల్ల దుప్పటేనండీ నాన్నగారూ" అంటే నమ్మలేదు. ఇన్నాళ్ళూ కంటికి పసుపు తెర అడ్డం ఉండేదనీ, అది తీసేశాక కొన్నాళ్ళు తెలుపు నీలంగా కనబడుతుందనీ డాక్టరుగారు ముందే చెప్పారు. అది గుర్తు చేస్తే నవ్వి, కాఫీ గ్లాసు అందుకోవడానికి నా వైపు తిరిగారు. గ్లాసు అందుకోకుండా అలాగే ఉండిపోయారు. "ఆ ఉల్లిపొర రంగు చున్నీ ఎవరు కొన్నారమ్మా నీకు?" అన్నారు. "మీరేనండీ. కిందటేడు పుట్టినరోజుకి." ఆయన ఇంకాసేపు చూశారు. తరవాత, తనలో తాను అనుకుంటున్నట్టుగా, "ఇది నీకు బాలేదే" అన్నారు.

బాగులేదంటే నొచ్చుకోవాలి. నేను నొచ్చుకోలేదు. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి వినాలని నేను చిన్నప్పటినుంచీ కాచుకుని ఉన్నాను.

మాది తాడేపల్లిగూడెం. మేమంతా గూడెం అనే అంటాం. ముందు గది బట్టల షాపు, వెనక నాలుగు గదులు ఇల్లు. మా వీధి చివర మలుపు తిరిగితే ఉల్లిపాయల మార్కెట్టు. లారీలు దిగిన రోజున గాలి ఇటు తిరిగిందంటే ఉల్లిపొరలు గుంపులుగా కొట్టుకొచ్చి మా గుమ్మంలో చేరేవి. అమ్మ పొద్దున్న ఊడ్చి ముగ్గు వేసేది, పది గంటలకల్లా ముగ్గు మీద మళ్ళీ గులాబీ రంగు పొరలు. కొత్త బట్టల గంజివాసన, బీరువాలో కలరా ఉండల వాసన, నాన్నగారు వెలిగించే సాంబ్రాణి, వీటన్నిటి మీదా ఉల్లిఘాటు. అదే మా ఇంటి వాసనని నాకు చాలాకాలం తెలియదు. హాస్టల్లో చేరిన మొదటి వారం పెట్టె తెరిస్తే, పక్క మంచం అమ్మాయి ముక్కు ఎగబీల్చి, "మీ ఇంట్లో ఎప్పుడూ పకోడీలేనా?" అని అడిగినప్పుడు తెలిసింది.

నాన్నగారు షాపు తెరిచే పద్ధతి ఎప్పుడూ మారలేదు. ముందు పరుపు మీద తెల్ల దుప్పటి ముడత లేకుండా పరవాలి. తరవాత అద్దం తుడవాలి. కానీ ఆ అద్దాన్ని ఆయన నమ్మేవారు కాదు. ట్యూబులైటు కింద అన్ని చీరలూ అబద్ధం చెబుతాయనేవారు. చీర నచ్చిందన్న ప్రతి ఆడమనిషినీ గుమ్మంలోకి తీసుకొచ్చేవారు. "ఓసారి ఇలా వెలుతురులోకి రండమ్మా. పమిట గడ్డం కిందకి పట్టుకోండి, చాలు." అప్పుడు ఆయన ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకుని వీధిలోకి చూసేవారు. అలా ఎందుకని ఒకసారి అడిగాను. "కళ్ళు తిప్పుకున్నాక నాకు చీర గుర్తుంటే ఆ చీర మడిచేస్తానమ్మా. మొహం గుర్తుంటే ప్యాక్ చేస్తాను" అన్నారు. చేతికొచ్చిన బేరాన్ని పోగొట్టుకుంటున్నారని అమ్మ సణిగేది. "ఆవిడకి నచ్చింది కదండీ, మీకేం? కట్టుకునేది మీరా?" "నేను కాదు, కానీ చూసేది నాలాంటి వాళ్ళే కదే" అనేవారు.

అంతటి మనిషి నాకు మాత్రం ఎప్పుడూ లేత రంగులే ఇచ్చేవారు. లేత నిమ్మ, గంధం, బిస్కెట్ రంగు, అన్నిటికంటే ఎక్కువగా ఉల్లిపొర రంగు. ఉల్లిపొర గౌను, ఉల్లిపొర పరికిణీ, పెద్దయ్యాక ఉల్లిపొర ఓణీ. బళ్ళో పిల్లలు నన్ను "మార్కెట్టు" అని పిలిచేవారు. షాపువాళ్ళ పిల్లలకి తానుల్లో మిగిలిన ముక్కలే గతి కదా, ఆ రంగు అమ్ముడుపోక మిగిలిపోతుంది కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఒకరోజు షాపులో కూర్చుని హోంవర్కు చేసుకుంటుంటే, ఒకావిడ ఉల్లిపొర రంగు కావాలని పట్టుబట్టింది. "ఉందండీ, కానీ అది మా అమ్మాయికి పక్కన పెట్టేను" అన్నారు నాన్నగారు. అంటే మిగిలినది కాదు, ఎంచి దాచినది.

మా అమ్మ పసిమి ఛాయ. అక్కకీ అదే వచ్చింది. నేను నాయనమ్మ పోలిక. నలుపు. ఇంట్లో ఆ మాట అనేవారు కాదు, 'నాయనమ్మ పోలిక' అంటే సరిపోయేది. ఆదివారం పొద్దున్న సున్నిపిండిలో మీగడ కలిపి అమ్మ నన్ను రుద్దే రుద్దుడులో అక్కకి రుద్దినదానికంటే పట్టుదల ఎక్కువుండేది. నాయనమ్మ పెరట్లో ముక్కాలి పీట మీద కూర్చుని చూస్తూ, "తోలు వలిచేత్తావేమే, రంగు లోపల్నించి వచ్చింది, పోద్దేంటి?" అనేది. నాయనమ్మ ఎప్పుడూ నేత చీరలే కట్టేది, తెలుపూ కానీ గోధుమా కానీ. తాతగారు ఉన్న రోజుల్లోనూ అంతేనని అమ్మ చెప్పేది. నేను ఆవిడ పక్కనే పడుకునేదాన్ని. ఆవిడ చేత్తో కుట్టిన బొంత ఒకటి మా ఇద్దరికీ. పైన తెల్ల పంచె, కింద తెల్ల పంచె. ఒక మూల చిరుగు. ఆ చిరుగులో వేలు పెట్టి పెద్దది చేస్తే లోపల ఎర్రగా మెరిసేది. నిద్రపట్టేదాకా ఆ ఎరుపుని వేలితో తడుముతూ ఉండేదాన్ని. నాయనమ్మ చూస్తే చేతి మీద చిన్న దెబ్బ వేసి, మర్నాడు ఆ చిరుగు కుట్టేసేది. నేను మళ్ళీ విప్పేదాన్ని.

కొల్లేటికోట తీర్థం ముందు నాన్నగారు స్కూటరు మీద చీరల మూట కట్టుకుని కొల్లేటి ఊళ్ళకి వెళ్ళేవారు. ఒక సెలవునాడు నన్నూ ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళారు. రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద తవుడు బస్తాలు, నీటి వాసన, ఎండకి మెరిసే వలలు. ఒక పెంకుటింటి అరుగు మీద మూట విప్పగానే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చేశారు. ఆ ఇంటావిడ, "షావుకారుగారూ, మా కొత్తకోడలికి లేత రంగు తియ్యండి. అసలే నల్లది. ముదురు రంగు కట్టిందంటే పొద్దుగూకితే లాంతరెట్టి ఎతుక్కోవాలి మేం" అంది. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది, కానీ ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం నాకు తెలుసు. బళ్ళో "మార్కెట్టు" అన్నప్పుడు నేనూ అలాగే నవ్వేదాన్ని.

నాన్నగారు వాదించలేదు. "అలాగేనండి, లేతవీ తెచ్చేను" అని గంధం రంగు చీర తీసి, ఆ అమ్మాయిని అరుగు అంచుకి, వెలుతురులోకి రమ్మని, ఒక భుజం మీద వేశారు. "ఎలా ఉందండీ?"

"చీర బావుందండీ" అంది అత్తగారు. "మొహమే విభూది రాసుకున్నట్టుంది."

అప్పుడు రెండో భుజం మీద ఇంకో చీర వేశారు. పండుమిరపకాయ రంగు, సన్నటి ఆకుపచ్చ అంచు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి చూసి, "ఎవరింటి పిల్లే అది?" అన్నాడు. "మన పిల్లే మావయ్యా, మన కోడలే!" అని గొల్లుమన్నారు ఆడవాళ్ళు.

"ఇదేం మాయండీ షావుకారుగారూ? రంగు మొహంలోకి ఎక్కింది!" అంది అత్తగారు.

"మాయేం లేదండీ. నలుపు అంతా ఒకటే నలుపు కాదు. అడుగున నీలం ఉన్న నలుపు వేరు, అడుగున రాగి ఉన్న నలుపు వేరు. మీ కోడలుగారిది రాగి. చింతపండుతో తోమితే రాగిచెంబు ఎలా వస్తుందో, ఈ రంగు పడితే అలా వస్తుంది. అడుగున నీలం ఉన్నవాళ్ళకి వంగపండు, నెమలికంఠం ఇస్తాను. తెలుపులోనూ ఇంతేనండి, పసుపు అడుగుంటే ఒకటి, గులాబీ అడుగుంటే ఒకటి."

"అయితే లాంతరు అక్కర్లేదంటారు" అంది అత్తగారు. ఈసారి కోడలు అందరికంటే ముందు నవ్వింది.

నేను ఆ అమ్మాయి దగ్గరగా వెళ్ళి, చెయ్యి పక్కన చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఆవిడ గమనించి, "నాదీ నీదీ ఒకటే కదా పాపా" అంది. తిరిగి వస్తుంటే స్కూటరు మీద ధైర్యం తెచ్చుకుని అడిగాను. నాన్నగారి మొహం కనబడదు కాబట్టే అడగగలిగాను. "నాన్నగారూ, నాదీ రాగేనా?" "ఊఁ" అన్నారు. "మరి నాకూ పండుమిరప రంగు కొంటారా?" స్కూటరు కొంతదూరం పోయింది. "నీకొద్దులే అమ్మలూ. నీకు లేతవే బావుంటాయి." "ఆవిడకి విభూదిలా ఉందన్నారు కదండీ?" ఆయన బండి ఆపి, చెరువు మధ్యలోకి చెయ్యి చూపించారు. "అవిగో చూడు, గూడబాతులు. ఎంత పెద్ద సంచీ చూసేవా మెడకింద?" చూశాను. ఇప్పటికీ గూడబాతుని చూస్తే నాకు జవాబు రాని ప్రశ్న గుర్తొస్తుంది.

మళ్ళీ అడగలేదు. అడిగే స్వభావం కాదు నాది. ఆ వయసు నుంచే డైరీ రాసుకునేదాన్ని, కథల పుస్తకాలు పరీక్ష పుస్తకాల మధ్య పెట్టుకుని చదువుకునేదాన్ని, మనుషుల ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. కానీ అనుమానం ఎదుగుతూ వచ్చింది. ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ చూడగలిగిన మనిషి నా మొహం దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు? చూసి, ఇక ఈ పిల్లకి ఏదీ నప్పదని తేల్చుకున్నారా? లేకపోతే అసలు చూడటమే ఇష్టం లేదా? పదో తరగతి ఫొటోలో ఉల్లిపొర ఓణీలో నేను బూడిద పూసిన గుమ్మడికాయలా ఉన్నాను. నాన్నగారు ఆ ఫొటోని షాపులో గల్లాపెట్టె పైన పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ప్రేమ లేదని అనుకోవడానికి వీల్లేకుండా చేశారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఇప్పుడు కాలం వేరు. నేను పనిచేసే ఆఫీసులో పక్క సీటమ్మాయి ఒక మధ్యాహ్నం క్యారేజీలు విప్పుతుండగా నా మణికట్టు పట్టుకుని కిటికీ దగ్గరకి లాక్కెళ్ళింది. నరాలు ఆకుపచ్చగా ఉన్నాయంది. "నీది వార్మ్ అండర్‌టోన్ అక్కా! ఆవపిండి రంగు, ఇటుక రంగు, రాగి రంగు, ఎరుపుల్లో నారింజ కలిసినవి. ఈ లేత పేస్టల్స్ జోలికి అస్సలు పోకు. వెండి కాదు, బంగారమే పెట్టుకో." ఫోనులో నా ఫొటో తీసి, మొహం చుట్టూ రంగులు మార్చి మార్చి చూపించింది. నాన్నగారు కొల్లేటి అరుగు మీద చెప్పిందే ఇంగ్లీషు పేర్లతో చెబుతోంది. తను కూడా నలుపే, కానీ ఆ మాటని మేం ఉల్లిపాయలన్నంత మామూలుగా అంటుంది. అలా పెరిగినందుకు తనని చూస్తే నాకు అసూయా, సంతోషమూ రెండూ కలుగుతాయి. అన్నీ తెలిశాక కూడా, సొంత జీతంతో కొనుక్కోవడానికి వెళ్ళిన ప్రతిసారీ నా చెయ్యి ఎరుపు మీద వాలి, అక్కణ్ణించి జరిగి జరిగి లేత రంగు మీదే ఆగేది. నాన్నగారు చూడలేనిది నేనెలా చూడను?

ఈమధ్య ఆయన కళ్ళు మసకబారాయి. ఒకావిడకి నీలం చీరని ఆకుపచ్చని చెప్పి ప్యాక్ చేశారు. ఆవిడ మర్నాడు వచ్చి మర్యాదగానే మార్చుకెళ్ళింది. కానీ ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో చాలాసేపు నిలబడి, షట్టరు దించేసి, మళ్ళీ ఎత్తలేదు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ గూడెంలోనే ఉండిపోతే, నేనే ఆయన్ని ఏలూరు తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాను.

అలా ఆ వరండాలో, "ఇది నీకు బాలేదే" అన్న మాట దగ్గరకి వచ్చాం. గ్లాసు గోడ మీద పెట్టి, ఈసారి ఆయన మొహంలోకి చూస్తూనే అడిగాను. "ఎప్పుడూ బాగోలేదండీ నాన్నగారూ. మీకు తెలుసు కదా. మరెందుకండీ?"

చూపించడానికి అక్కడ గూడబాతులు లేవు. ఎదురింటి దుప్పటి వంక చూస్తూ చెప్పారు.

"మా అమ్మకి ఎర్ర చీరంటే ప్రాణం. పండుమిరప రంగు పట్టుచీర ఒకటి మా నాన్నగారు కొన్నారు. తణుకులో చుట్టాల పెళ్ళికి అది కట్టుకుంది. నేను చిన్నవాణ్ణి, అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను. విడిదిలోకి అడుగు పెట్టేమో లేదో, ఎవరో ఆడావిడ అంది, 'అదిగో చీరొక్కటీ నడిచొస్తోంది, లోపల మనుషులెవరైనా ఉన్నారేమో చూడండర్రా' అని. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను అమ్మలూ. తమాషాగా ఉంది కదా అని. తలెత్తి చూస్తే అమ్మ నన్నే చూస్తోంది."

నల్ల కళ్ళద్దాలు నుదుటి మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మళ్ళీ కట్టలేదు. ఇంటికొచ్చి కత్తిరించి బొంతలో వేసి కుట్టేసింది. షాపు పెట్టేక నేను ప్రతి మనిషినీ గుమ్మంలోకి తెచ్చి చూసింది అందుకే. చీర కాదు, మనిషి కనబడాలి. ఎన్నో మొహాలు చూసేక అర్థమైంది, మా అమ్మకి ఆ చీర బ్రహ్మాండంగా నప్పింది. విడిదిలో ఆ ఆడావిడ అన్నదే తప్పు."

"మరి నాకెందుకు ఇవ్వలేదండీ?"

"ఊళ్ళోవాళ్ళకైతే ధైర్యంగా ఇస్తానమ్మా. నప్పకపోతే తెచ్చి మార్చుకుంటారు. నిన్ను ఎవరైనా ఒక మాటంటే, అది ఎక్కడికి తీసుకెళ్ళి మార్చను?"

ఆ బొంత చిరుగులో నా వేలు, దాని మీద నాయనమ్మ చిన్న దెబ్బ, మర్నాటి కొత్త కుట్టు, అన్నీ ఒక్కసారి వచ్చి కూర్చున్నాయి. ఆయన నన్ను చూడకపోవడం కాదు. చూసి, ఎవరి కంటా పడకుండా తెల్ల పంచెల మధ్య పెట్టి కుట్టేశారు. అది తప్పని నాకు తెలుసు. ఆ కుట్టు ఎంత జాగ్రత్తగా వేశారో కూడా తెలుసు. ఆ జాగ్రత్తని కోప్పడటం నావల్ల కాలేదు.

పది రోజులయ్యాక, రెండోసారి డాక్టరుగారికి చూపించి వస్తూ, ఆటో ఒక పెద్ద బట్టల షోరూం ముందు ఆపమన్నారు. "ఇప్పుడేం పండగండీ నాన్నగారూ?" అంటే, "పదమ్మా" అన్నారు. లోపల చలి, అన్ని వైపులా దీపాలు, అన్ని వైపులా అద్దాలు. సేల్స్ అమ్మాయి నన్ను చూసి, "మేడమ్ కలర్‌కి లైట్ షేడ్స్ బావుంటాయి సార్" అంది. "ఉండమ్మా, అవి చాలా ఉన్నాయి మా ఇంట్లో. పండుమిరప రంగు చూపించు" అన్నారు. "చిల్లీ రెడ్డాండీ?" "అదేలే. నారింజ వైపు ఉన్న ఎరుపు, నీలం వైపు ఉన్నది కాదు." ఆ అమ్మాయి తీసిన అయిదారు చీరల్లో ఒకటి చేతిలోకి తీసుకుని తలుపు వైపు నడిచారు. "సార్, బయటికి తీసుకెళ్ళకూడదండీ" అని ఆ పిల్ల వెనకాలే పరిగెత్తింది. "నేనూ షాపువాణ్ణేనమ్మా. గుమ్మం దాటం, గుమ్మంలోనే ఉంటాం. నువ్వు ఈ తలుపు కాస్త పట్టుకో తల్లీ."

పిల్ల గాజు తలుపు తెరిచి పట్టుకుంది. వీపు మీద ఏసీ చలి, ఎదురుగా పన్నెండు గంటల ఎండ, ఆటోల మోతలు. నాన్నగారు చీర నా భుజం మీద వేసి రెండడుగులు వెనక్కి వెళ్ళారు. నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. నేను అలవాటుగా నేలకేసి చూస్తున్నాను. ఎర్రటి అంచు నా చెప్పుల దాకా జారి ఉంది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు చూస్తున్నారని తెలుస్తోంది. తణుకు విడిదిలో నాయనమ్మ కొడుకు మొహంలోకే ఎందుకు చూసిందో ఇప్పుడు నాకు తెలుసు. "తలెత్తమ్మలూ" అన్నారు. ఎత్తాను.

ఒక్క క్షణం చూసి వీధి వైపు తిరుగుతారనుకున్నాను. తిరగలేదు. నీళ్ళూరుతున్న కొత్త కంటితో అలాగే చూస్తూ ఉండిపోయారు. తలుపు పట్టుకున్న పిల్ల చెయ్యి మార్చుకుంది. నాకు సిగ్గేసి, ఏదో ఒకటి అడగాలని, "చీర ఎలా ఉందండీ నాన్నగారూ?" అన్నాను.

"చీర ఇంకా చూళ్ళేదమ్మా" అన్నారు.